హింస: ఒక మాట, మారుతూ వచ్చిన అర్థాలు



"కొట్టడం లేదండీ, హింస పెడుతున్నాడు." మా చింతలపూడి వైపు ఊళ్లలో ఆడవాళ్ల నోట ఈ మాట మీరు వినే ఉంటారు. పత్రికలో 'హింసాకాండ' అని చదివితే మాత్రం తగలబడిన బస్సులు, పగిలిన తలలు మన మనసులో మెదులుతాయి. ఒకే మాటకు ఇంట్లో ఒక అర్థం, పత్రికలో మరొక అర్థం ఎందుకు ఏర్పడ్డాయి? ఈ ప్రశ్నను చరిత్ర వెలుగులో పరిశీలిద్దాం.

1. ప్రాచీన అర్థం

'హింస' సంస్కృతం నుంచి వచ్చిన తత్సమ పదం. బాధించడం, గాయపరచడం, చంపడం దీని అర్థాలు. ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలోని గుంటుపల్లి కొండపై ప్రాచీన బౌద్ధ గుహలున్నాయి. అక్కడ నివసించిన భిక్షువులకు ప్రాణం తీయకుండా ఉండడం మొదటి నియమాలలో ఒకటి. జైనులు మరింత ముందుకు వెళ్లారు. మనసుతో, మాటతో, శరీరంతో హింస చేయడమే కాదు, చేయించడం, ఆమోదించడం కూడా తప్పే అన్నారు. అంటే కంటికి కనిపించే గాయం ఒక్కటే హింసకు కొలత కాదని వారు ఏనాడో గుర్తించారన్నమాట.

2. రాజకీయ అర్థం

1920లో సహాయ నిరాకరణోద్యమం మొదలయ్యాక హింస, అహింస అనేవి పోరాట పద్ధతుల పేర్లుగా ప్రజల్లోకి వెళ్లాయి. 1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో గుంపు పోలీసు స్టేషన్‌ను తగలబెట్టింది. పోలీసులు చనిపోవడంతో గాంధీజీ ఉద్యమాన్ని నిలిపివేశారు. అదే ఏడాది ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం మన్యంలో పోలీసు స్టేషన్లపై దాడి చేసింది. ప్రభుత్వం దృష్టిలో అది హింస. మరి 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు వ్యవసాయంపై పెట్టిన ఆంక్షలు, గిరిజనుల చేత అతి తక్కువ కూలికి చేయించిన రోడ్డు పనులు? అవి ప్రభుత్వానికి కేవలం పరిపాలన. ఇలా వ్యవస్థ ద్వారా జరిగే హానికి నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్ 1969లో 'వ్యవస్థాగత హింస' అని పేరు పెట్టాడు.

3. చట్టంలో అర్థం

1983లో భారత శిక్షాస్మృతిలో చేర్చిన 498-ఏ సెక్షన్ భార్యపై భర్త, అతని బంధువులు చూపే క్రూరత్వాన్ని నేరంగా ప్రకటించింది. 2024 వరకు అమలులో ఉన్న ఆ సెక్షన్‌లో మానసిక హాని కూడా ఉండేది. 2005లో చేసిన గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమలులోకి వచ్చింది. శారీరక, లైంగిక హింసతో పాటు మాటలతో అవమానించడం, మనసును గాయపరచడం, ఖర్చులకు డబ్బు ఇవ్వకపోవడం వంటివి కూడా గృహహింసే అని అది నిర్వచించింది. ఉమ్మడి నివాసంలో ఉండే హక్కును ఇచ్చింది.

ఇప్పుడు మొదటి వాక్యాన్ని మళ్లీ చదవండి. "దెబ్బలేవి?" అని అడిగేవారి ముందు ఆ స్త్రీ నిరుత్తరురాలు అయ్యేది. ఆమె మాటలో తప్పు లేదు. వినేవారి నిర్వచనమే ఇరుకైనది. మన పల్లె వాడుకలో ఎప్పటినుంచో ఉన్న అర్థానికి చట్టం ఆలస్యంగా చేరుకుంది.

4. ఒక హెచ్చరిక

అర్థం విస్తరించింది కదా అని ప్రతి అభిప్రాయభేదాన్నీ హింస అనకూడదు. అప్పుడు నిజమైన బాధితుల మాటకు బలం తగ్గుతుంది. ఏ సంఘటననైనా చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి: హాని ఎవరికి జరిగింది? చేసినవారికి ఏ అధికారం ఉంది? దానిని హింస అన్నది ఎవరు, అననిది ఎవరు? మూడవ ప్రశ్నే చరిత్ర విద్యార్థికి ముఖ్యమైనది.

అభ్యాసం: మీ ఇంటి పెద్దలు 'హింస' అనే మాటను ఏయే సందర్భాలలో వాడతారో వారం రోజులు గమనించి రాయండి. వాటిలో ఏవి 2005 చట్టం పరిధిలోకి వస్తాయో పరిశీలించండి.