మావోరీ భూములు, వలస పాలన

న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల సమాజంపై బ్రిటిష్ వలస పాలన ప్రభావం నేటికీ ఎంత ఉన్నదనే చర్చ ప్రధానంగా భూమి చుట్టూ సాగుతున్నది. మావోరీల పూర్వులు 13వ శతాబ్ది ప్రాంతంలో పాలినీషియా నుంచి పడవలపై వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. 1769లో బ్రిటిష్ నావికుడు జేమ్స్ కుక్ వచ్చిన తరువాత ఐరోపావారి రాకపోకలు పెరిగాయి. తుపాకులు, కొత్త జబ్బులు, క్రైస్తవం ప్రవేశించాయి.

1840 ఫిబ్రవరి 6న మొదలుపెట్టి, బ్రిటిష్ రాణితో కుదిరిన వైతాంగి ఒప్పందంపై 500 మందికి పైగా తెగపెద్దలు సంతకాలు చేశారు. భూములు వారివేనని అందులో రాణి తరఫున హామీ ఉంది. అయినా 1848లోనే దక్షిణ దీవిలో న్గాయ్ తాహు తెగ భూభాగంలో అధిక భాగం 2,000 పౌండ్లకు ప్రభుత్వపరమైంది. ఉత్తర దీవిలో 1860లో తారనాకిలో, 1863లో వైకాటోలో మావోరీలకూ ప్రభుత్వానికీ మధ్య యుద్ధాలు జరిగాయి. తిరుగుబాటు పేరుతో వైకాటోలో సుమారు 12 లక్షల ఎకరాలు జప్తయ్యాయి.

అయితే యుద్ధాల కంటే ఎక్కువ నష్టం మావోరీ భూహక్కులు తేల్చే నేటివ్ ల్యాండ్ కోర్టు వల్ల జరిగింది. 1865 చట్టం కింద తెగ ఉమ్మడి భూమికి పదిమందికి మించకుండా పట్టా ఇచ్చేవారు. చట్టం దృష్టిలో ఆ పదిమందే యజమానులు; తక్కినవారిని అడగకుండానే అమ్ముకోవచ్చు. 1873లో అందరి పేర్లూ ఎక్కించారు గానీ, అప్పుడు ఒక్కొక్కరి వాటా విడివిడిగా కొనే వీలు కలిగింది. ఎవరో ఒకరు దావా వేస్తే మిగతావారంతా హాజరు కావలసిందే. లేకుంటే హక్కు పోతుంది. విచారణ దూరపు పట్టణాల్లో. వారాల తరబడి గుడారాల్లో ఉండి, అంగళ్లలో అప్పుమీద తిండి తెచ్చుకునేవారు. సర్వే ఖర్చు కూడా వారిదే. పట్టా చేతికి వచ్చేసరికి ఆ బాకీల కిందే భూమి పోయేది.

భూనష్టానికి ఎదురుగా తారనాకిలోని పారిహాకా ఊరిలో మావోరీ నాయకులు తె ఫిటి, తోహు కాకహి నడిపిన ప్రతిఘటన ఈ చరిత్రలో మహోన్నత ఘట్టం. 1879లో వారి అనుచరులు, జప్తుచేసి తెల్లవారికిచ్చిన పొలాలను నాగళ్లతో దున్ని హక్కు చాటారు. అరెస్టయిన వారిలో చాలామందిని విచారణ లేకుండానే జైళ్లలో ఉంచారు. 1881 నవంబర్ 5న సుమారు 1,600 మంది సాయుధులు ఊరిని ముట్టడిస్తే పిల్లలు పాటలతో ఎదురయ్యారు, స్త్రీలు రొట్టెలు పెట్టారు. నాయకులిద్దరినీ బంధించి, ఊరిని కూల్చివేశారు.

1896 నాటికి మావోరీ జనాభా సుమారు 42,000కు పడిపోయింది. ఇరవయ్యో శతాబ్ది తొలి సగంలో మావోరీ నాయకుడు అపిరానా న్గాటా వ్యవసాయాభివృద్ధి పథకాలు చేపట్టాడు. రెండో ప్రపంచయుద్ధం తరువాత అధికసంఖ్యాకులు పట్టణాలకు చేరారు.

1975లో మావోరీ నాయకురాలు ఫీనా కూపర్ నాయకత్వాన భూమి యాత్ర వెల్లింగ్టన్ చేరింది. ఒప్పంద ఉల్లంఘనల ఫిర్యాదులను విచారించే వైతాంగి ట్రిబ్యునల్ ఏర్పాటు చట్టమూ ఆ ఏడాదిదే. 1985 నుంచి 1840 దాకా వెనక్కి వెళ్లే ఫిర్యాదులనూ అది విచారిస్తున్నది. 1995లో వైకాటో-తైనుయి, 1998లో న్గాయ్ తాహు చెరి 17 కోట్ల డాలర్ల పరిహారం పొందాయి. ఇవి పోయినదాని విలువలో స్వల్ప భాగమే. పాత అన్యాయాలకు నేటి పౌరులు ఎంతకాలం బాధ్యులని ఒక పక్షం అడుగుతుంది. జనాభాలో సుమారు ఆరోవంతు ఉన్న మావోరీలు ఖైదీలలో సగానికి పైగా ఎందుకున్నారని రెండో పక్షం ప్రశ్న. వైతాంగి ఒప్పందానికి కొత్త నిర్వచనమివ్వజూసిన బిల్లును 2025 ఏప్రిల్‌లో పార్లమెంటు 112–11 ఓట్లతో తిరస్కరించింది.