దాయిరా మీర్ మోమిన్‌లో విశ్రమించిన మహనీయులు

కరీంనగర్ నుండి సిరిసిల్ల పోయే మార్గంలో, మానేరు ఒడ్డున ఎల్గందల్ కోట ఉంది. కొండమీది కోటనూ, 1754లో జఫరుద్దౌలా కట్టించిన జంట మీనార్లనూ చూడటానికి వచ్చేవారు చాలామందే ఉన్నారు. కోట కింద ఊరిలో హజ్రత్ సయ్యద్ షా మునవ్వర్ ఖాద్రీ, వలీ హైదర్ సాహెబ్ మొదలైన ఔలియాల సమాధులున్నాయి. ముహర్రం నెలలో అక్కడ జనం కూడుతారు. అయితే ఒకప్పుడు జిల్లా కేంద్రంగా వెలసిన ఈ ఊరి మట్టిలో ఔలియాలు మాత్రమే లేరు. ఖిల్లాదార్లు, ఖాజీలు, మున్షీలు, సిపాయీలు, వెండితీగ పనివారు, వారి ఇల్లాండ్రు, పిల్లలు ఎందరో ఉన్నారు. వారిలో ఎవరి సమాధి ఏది? ఆ మాట అడిగితే చెప్పగలవారు దొరకడం కష్టం.

ఇటువంటి ప్రశ్నకు కొంతవరకైనా సమాధానం చెప్పగల ఖబ్రస్తాన్ ఒకటి హైదరాబాదులో ఉన్నది. దాని పేరు దాయిరా మీర్ మోమిన్. చార్మినార్‌కు ఆగ్నేయంగా, సుల్తాన్‌షాహీ ప్రాంతంలో ఉన్నది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పాఠకులకు హైదరాబాదు ఖబ్రస్తాన్‌తో పని ఏమిటని అనిపించవచ్చు. కాని మన రెండు ప్రాంతాలకు ‘జిల్లా’ అనే రూపాన్ని కల్పించిన పాలనకు మూలపురుషుడు అక్కడే ఖననం చేయబడి ఉన్నాడు. ఆయన సంగతికి రాకముందు ఆ నేల సంగతి చెప్పుకోవాలి.

మీర్ ముహమ్మద్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ వాస్తవ్యులు. సఫవీ చక్రవర్తి షా తహ్మాస్ప్ కుమారుడైన హైదర్ మీర్జాకు గురువుగా ఉండేవారు. 1576లో తహ్మాస్ప్ మరణించగానే వారసత్వం కోసం జరిగిన కలహంలో ఆ శిష్యుడు హతుడయ్యాడు. స్వదేశంలో ఆ పండితునికి నిలువ నీడ లేకపోయింది. హజ్ యాత్రికులకూ వర్తకులకూ తెలిసిన సముద్రమార్గాన దక్కను చేరి, 1581 ప్రాంతంలో గోల్కొండ దర్బారులో ప్రవేశించారు. కొద్ది సంవత్సరాలలోనే ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా ఆయనను పేష్వాగా, అంటే ప్రధానమంత్రిగా నియమించుకున్నాడు. 1591లో హైదరాబాదు నగర నిర్మాణం సాగినప్పుడు చార్మినార్‌ను కేంద్రంగా పెట్టి నాలుగు రాజమార్గాలు వేసిన ప్రణాళిక ఆయనదేనని చరిత్రకారులు చెబుతారు. ఇస్ఫహాన్ నగరాన్ని చూసి హైదరాబాదును కట్టారనే మాట బాగా ప్రచారంలో ఉంది. నాకు ఆ మాట అంతగా రుచించదు. షా అబ్బాస్ తన రాజధానిని ఇస్ఫహాన్‌కు మార్చి, ఆ నగరపు ప్రసిద్ధమైన మైదానాన్ని కట్టించినది చార్మినార్ లేచిన తరువాతనే.

మీర్ మోమిన్ కవి, ఫిఖ్‌హ్ తెలిసిన ఆలిం. తూనికలు, కొలతల గురించి పారశీక భాషలో ‘రిసాలయె మిఖ్దారియా’ అనే గ్రంథం వ్రాశారు. జకాత్, ఫిత్రా లెక్కలకు కొలతలు అవసరం కనుక ఇది కేవలం బజారుకు సంబంధించిన గ్రంథం కాదు. 1612లో సుల్తాన్ ముహమ్మద్ ఖులీ మరణించినప్పుడు కలహానికి తావివ్వకుండా ఆయన సోదరుని కుమారుడు ముహమ్మద్‌ను గద్దెపై కూర్చోబెట్టడంలో ముఖ్యపాత్ర వహించినదీ ఈయనే. ఇరాన్‌లో వారసత్వపు కత్తి ఎలా ఉంటుందో కళ్ళారా చూసినవారు గదా! 1625లో మరణించారు. జీవితాంతం దక్కను విడిచి వెళ్ళలేదు.

తాను నిర్మించిన నగరంలో బ్రతికినవారికే కాక చనిపోయినవారికీ స్థలం కావాలని ఆయన తలచారు. అప్పటికే ఆ చోట షా చిరాగ్ అనే మహనీయుని సమాధి ఉండేదనీ, ఆయన నజఫ్ నుండి వచ్చినవారనీ, ఆ సాన్నిధ్యాన్ని కోరియే మీర్ మోమిన్ ఆ భూమిని ఎన్నుకున్నారనీ ప్రతీతి. కర్బలా నుండి పవిత్రమైన మట్టిని తెప్పించి ఆ నేలపై చల్లించారని కూడా పెద్దలు చెప్పుకుంటారు. దాయిరా అంటే వలయం, ఆవరణ. దానిని ఆయన వఖ్ఫ్ చేశారు. ఇది ముఖ్యంగా మన షియా సోదరుల ఖబ్రస్తాన్‌గా ప్రసిద్ధి చెందింది. ఆయన సేవించిన సుల్తాన్ ముహమ్మద్ ఖులీ గోల్కొండ దగ్గర నలభై మీటర్లకు మించిన ఎత్తుగల గుంబజు కింద ఒంటరిగా పడుకొని ఉండగా, పేష్వా మాత్రం జనం మధ్య, అందరికీ ఇచ్చిన నేలలోనే పడుకున్నారు.

తరువాతి శతాబ్దాలలో ఇక్కడ చేరినవారిలో ఒకే కుటుంబానికి చెందిన దివాన్లు చాలామంది. ముందుగా మీర్ ఆలం. అసలు పేరు మీర్ అబుల్ ఖాసిం. ఆయన తండ్రి షూస్తర్ నుండి వచ్చిన విద్వాంసుడు. నిజాం అలీఖాన్ తరఫున కలకత్తాకు వకీలుగా వెళ్ళాడు. 1799 శ్రీరంగపట్టణ యుద్ధంలో నిజాం సేనలతో ఉన్నాడు. టిప్పు సుల్తాన్‌కు విరుద్ధంగా ఆంగ్లేయుల పక్షాన నిలిచిన ఆ చర్యను సమర్థించడం ఈనాడు ఏ ముస్లిం చరిత్రకారునికీ సాధ్యం కాదు. 1804 నుండి మరణించే వరకు, అంటే 1808 వరకు, దివానుగా ఉన్నాడు. హైదరాబాదు జనం చాలా కాలం త్రాగిన నీరు ఆయన పేరుగల చెరువులోనిది. ఇరవైఒక్క కమానులు వరుసగా నిలబడి నీటిని ఆపే ఆ రాతికట్ట ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

మీర్ ఆలం అల్లుడు మునీరుల్ ముల్క్. మునీరుల్ ముల్క్ మనుమడు మీర్ తురాబ్ అలీఖాన్, అనగా మొదటి సాలార్‌జంగ్. మన జిల్లాలకు సంబంధించినవాడని చెప్పినది ఈయనను గురించే.

1853లో తన పినతండ్రి సిరాజుల్ ముల్క్ చనిపోగా దివాను పదవి చేపట్టినప్పుడు సాలార్‌జంగ్ వయస్సు ఇరవైనాలుగేళ్ళు. ఖజానా ఖాళీ. బీరారు ఆంగ్లేయుల చేతిలోకి పోయింది. శిస్తు వసూలు గుత్తకు తీసుకున్న సాహుకార్లు, అరబ్బు, పఠాను జమాదార్లు రైతును పీడించి తీసుకున్నది సర్కారుకు చేరేది కాదు. ఆయన ఈ గుత్త పద్ధతిని క్రమంగా తొలగించి, జీతం తీసుకొనే ఉద్యోగులను నియమించాడు. 1865లో జిల్లాబందీ జరిగింది. రాజ్యాన్ని సుబాలుగా, సుబాలను జిల్లాలుగా విభజించి, జిల్లాకు ఒక అవ్వల్ తాలూక్‌దారును, తాలూకాకు ఒక తహసీల్దారును ఉంచారు. ఎల్గందల్ జిల్లా ఆ ఏర్పాటులోనిది. 1872లో ఎద్లాబాద్, రాజూరా, సిర్పూర్ అనే మూడు తాలూకాలు కలిపి సిర్పూర్-తాండూర్ ఉపజిల్లా ఏర్పడింది. 1905లో ఎల్గందల్ జిల్లా కచేరీలు కరీంనగర్‌కు తరలిపోయి జిల్లా పేరే మారింది. ఆ సంవత్సరమే సిర్పూర్-తాండూర్ పూర్తి జిల్లా అయి, ఆదిలాబాద్ దానికి కేంద్రమైంది. 2016లో ఈ రెండు జిల్లాలనూ మళ్ళీ అనేక ముక్కలుగా చేశారు. అయినా జిల్లా, తాలూకా, తహసీల్దారు, జమాబందీ, పహాణీ అనే మాటలు మన రైతు నోట ఈనాటికీ ఉన్నాయి.

ఇంతవరకు ప్రశంస. కాని ఒక ముఖ్యమైన సంగతి మరచిపోరాదు. 1857లో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వాన రెసిడెన్సీపై దాడి జరిగినప్పుడు సాలార్‌జంగ్ ఆంగ్లేయుల పక్షాన నిలిచాడు. 1860లో మన నిర్మల్‌లో గోండు వీరుడు రాంజీనీ, ఆయనతో చేయి కలిపిన రోహిల్లాలనూ ఉరితీశారు. అప్పుడు కూడా హైదరాబాదులో దివాను ఈయనే. వెయ్యి మందిని ఒకే మర్రికి వేలాడదీశారని జనశ్రుతి. అందుకే దానికి ‘వెయ్యి ఉరుల మర్రి’ అని పేరు. ఆ మర్రి కూడా ఇప్పుడు లేదు. ఆ రోహిల్లా ముస్లిములకు కఫన్ కప్పినవారెవరు, జనాజా నమాజు చేసినవారెవరు, వారిని ఏ గుంటలో పూడ్చారు? ఒకే రాజ్యంలో, ఒకే దివాను కాలంలో, ఒకరి సమాధికి పేరు, తేదీ, వంశవృక్షం ఉన్నాయి. మరొకరికి గుర్తురాయి కూడా లేదు. దాయిరాలో సాలార్‌జంగ్ సమాధి దగ్గర ఫాతిహా చదివేటప్పుడు ఆదిలాబాద్ జిల్లావాడు నిర్మల్ మృతులను కూడా తలచుకోవడం న్యాయం.

1883 ఫిబ్రవరిలో జర్మనీ నుండి వచ్చిన ఒక రాజకుటుంబీకునికి మీర్ ఆలం చెరువు దగ్గర ఆతిథ్యమిచ్చి ఇంటికి వచ్చిన సాలార్‌జంగ్‌కు కలరా సోకింది. ఆ నెల 8వ తేదీన మరణించాడు. వయస్సు యాభైనాలుగు. ముత్తాత తవ్వించిన చెరువు ఒడ్డున చివరి విందు, ముత్తాత ఉన్న మట్టిలో చివరి స్థానం.

ఆయన కుమారుడు రెండవ సాలార్‌జంగ్ మీర్ లాయఖ్ అలీఖాన్ 1884 నుండి 1887 వరకు దివానుగా ఉన్నాడు. ఆయన హయాంలో కచేరీలలో పారశీకం పోయి ఉర్దూ వచ్చింది. 1889లో చనిపోయేనాటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. అప్పటికి నెల కూడా నిండని శిశువు మీర్ యూసుఫ్ అలీఖాన్. ఈ మూడవ సాలార్‌జంగ్ 1912లో దివానై, రెండేళ్ళకే పదవి విడిచి, మిగిలిన జీవితమంతా పుస్తకాలు, వ్రాతప్రతులు, చిత్రాలు, పింగాణీలు, కత్తులు సేకరించడంలో గడిపాడు. పెళ్ళి చేసుకోలేదు. 1949 మార్చి 2న మరణించాడు. 1951లో ఆయన సేకరణ మ్యూజియంగా తెరవబడింది. ఆ మ్యూజియంలో గడియారం గంట కొట్టే బొమ్మను చూడటానికి గుమిగూడే జనంలో, దాని యజమాని సమాధి అక్కడికి ఎంతో దూరాన లేదని తెలిసినవారు బహుకొద్దిమంది.

1968లో ఈ నేల మరొక అతిథిని స్వీకరించింది. కసూర్‌లో పుట్టి, దేశ విభజన తరువాత కొంతకాలం పాకిస్తాన్‌లో ఉండి, తిరిగి వచ్చి భారత పౌరసత్వం తీసుకున్న ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ ఆ ఏప్రిల్ 25న హైదరాబాదులో, బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూశారు. సంగీతం విషయంలో మన ఉలమాల అభిప్రాయాలు భిన్నంగా ఉన్నవి. ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం. ఇరాన్ నుండి వచ్చిన పేష్వా వఖ్ఫ్ చేసిన మట్టిలో పంజాబు గాయకునికి చోటు దొరికిందనే సంగతి చాలు.

ఇక ధర్మం సంగతి. సమాధులపై కట్టడాలు కట్టడాన్నీ, వాటికి గచ్చు చేయడాన్నీ దైవప్రవక్త (స) వారించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. ఈ హదీసును ఆధారం చేసుకొని, సమాధికి ఏ గుర్తూ ఉండరాదని కొందరు అంటారు. కాని హజ్రత్ ఉస్మాన్ బిన్ మజ్ఊన్ (రజి) మరణించి బఖీలో ఖననం చేయబడినప్పుడు దైవప్రవక్త (స) స్వయంగా ఒక రాయిని మోసుకొని వచ్చి ఆయన తలవైపు ఉంచారనీ, తన సోదరుని సమాధిని గుర్తించి తన కుటుంబంలో మరణించినవారిని ఆ పక్కనే ఖననం చేయాలనేది అందులోని ఉద్దేశ్యమనీ అబూ దావూద్ సంకలనంలో ఉంది. గుంబజు వేరు, గుర్తురాయి వేరు. మొదటిది ఆడంబరం. రెండవది సున్నతులో కనిపించేదే. శవం పూర్తిగా మట్టిలో కలిసిన తరువాత అదే చోట మరొకరిని ఖననం చేయవచ్చని హనఫీ ఫుఖహాలు అనుమతించారు. కనుక స్థలం చాలని ఖబ్రస్తాన్‌లో పాత సమాధిపై కొత్తది రావడం తప్పు కాదు. అయితే రాయి పోయినా కాగితం మీద పేరు నిలుపుకోవచ్చు. దానికి షరీఅత్‌లో అడ్డు ఏమీ లేదు.

దాయిరాలో మంత్రుల పేర్లు నిలిచినది వారికి చరిత్ర వ్రాసినవారు ఉండటం వల్ల. మీర్ మోమిన్ జీవితచరిత్రను డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ ఉర్దూలో వ్రాయకపోతే ఆయన కూడా ఒక వీధి పేరుగానే మిగిలేవాడేమో. ఆ ఆవరణలోనే పడుకొని ఉన్న వేలాది సామాన్యుల గతి మాత్రం ఎల్గందల్‌లోని మున్షీల గతియే.

ఎల్గందల్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్‌ల ఖబ్రస్తాన్లలో ప్రతిదానికీ ఒక ముతవల్లీయో, ఒక కమిటీయో ఉంటుంది. ఒక లెక్కపుస్తకం కొని, చదవగలిగిన ప్రతి ఫలకాన్నీ ఉన్నది ఉన్నట్లు దించుకోవడం ఇద్దరు కుర్రవాళ్ళు కొన్ని శుక్రవారాలలో చేయగల పని. పేరు, తండ్రి పేరు, హిజ్రీ సంవత్సరం, వృత్తి, ఏ దిక్కున ఏ చెట్టు దగ్గర అనే వివరం ఉంటే చాలు. పారశీక ఫలకాలను చదవగలవారు మన మదర్సాలలో ఇంకా ఉన్నారు. ఎల్గందల్‌తో ప్రారంభించడం మంచిది. అక్కడి పాత రాళ్ళలో అక్షరాలు ప్రతి వర్షాకాలానికీ కొంత అరిగిపోతున్నాయి.