తట్టు వచ్చిన ఇండ్లు

కొండగాలి కొడతా ఉండాది, మంట దగ్గిరికి జరగండి. తట్టు సంగతి అడిగినావు కదా అమ్మణ్ణీ, చెప్తా.

మా కాలంలో ఈ అలిపిరి చుట్టుపక్కల తట్టు రాని బిడ్డ ఉంటే వింతే. ముందు జొరం, దగ్గు, ముక్కు కారడం. కండ్లు చింతనిప్పులయ్యేవి. మూడు నాలుగు దినాలకు చెవుల ఎనకాల ఎర్రగా పేలి, మొగానికి పాకి, కాళ్లదాకా దిగేది. అమ్మ పోసిందని వాకిట్లో యాపమండ కట్టేవాళ్లు. ఇంట్లో పోపు పెట్టకూడదు, బయటోళ్లు గడప తొక్కకూడదు. తేరుకున్న బిడ్డకు యాపాకు, పసుపు ఏసిన నీళ్లు పోసి, గంగమ్మకు పొంగలి పెట్టేవాళ్లు. ఆ కట్టుబాట్లను నేను తక్కువ చేసి మాట్లాడను. అయితే దగ్గు రొమ్ములోకి దిగి ఆయాసమొచ్చినా ఆస్పత్రికి ఎత్తుకపోయేవాళ్లు కాదు, అదే కొంప ముంచింది. మా పక్కింటి పిల్లోడు అట్లనే పోయినాడు. ఎనకింటి పాపకు చూపు పోయింది. ఏ పుస్తకంలోనూ వాళ్ల లెక్క ఎక్కలేదు. అమ్మ తీసుకపోయింది అన్నారు, అంతే.

1985లో పిల్లోళ్లందరికీ టీకాలేసే సర్కారు కార్యక్రమం మొదలైనాక తొమ్మిది నెలల బిడ్డకు తట్టు సూది వచ్చింది. 2010 నుంచి రెండో సూది. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తొమ్మిది నెలలు నిండినకాడి నుంచి 15 ఏండ్ల లోపు పిల్లోళ్లందరికీ తట్టుకు, రుబెల్లాకు కలిపి ఒకే సూది ఏసినారు. బడికాడ నేను చూసినా. నర్సమ్మ ఐసు పెట్టెలోనించి బుడ్డి తీసి, పొడిలో నీళ్లమందు కలిపి, కలిపిన టైము దానిమీదనే రాసింది. నాలుగు గంటలు దాటితే మిగిలింది పారబోయాల్సిందే.

ఇప్పుడు జొరంతో ఒళ్లు ఎర్రగా పేలితే ఆశా కార్యకర్త రాసుకుంటాది. రక్తం తీసి పరీక్షకు పంపుతారు. తట్టని తేలితే ఆ వీధంతా తిరిగి సూది పడని బిడ్డల్ని వెతుకుతారు. నాకు సూదికంటే ఈ వెతుకులాటే పెద్దదనిపిస్తాది.

పాదాల మండపం కాడ చూడండి, పుట్టెంటికలు తీయించను ఏడాది నిండని బిడ్డల్ని సంకనేసుకోని దేశమంతా వస్తాది. తొమ్మిది నెలలు నిండని బిడ్డకు సూది పడుండదు. పైన కొండమీద దర్శనం క్యూ గదిలో తట్టు పట్టిన పిల్లోడు దగ్గి ఎళ్లిపోయినా, రెండు గంటలదాకా ఆ గాలిలో తట్టు క్రిమి ఉంటాది. నూటికి 95 మందికి రెండు సూదులూ పడితేనే ఆ పసిగుడ్లకు కాపు. 2026 కల్లా దేశంలో తట్టు లేకుండా చేయాలని సర్కారు గడువు పెట్టుకుంది.

నీ కొడుక్కి పదారు నెలలు నిండినాయంటివే, రెండోది ఏసే వయసే. కార్డు తీసుకోని పొద్దున్నే పో.