వైనన్స్ – డెన్‌మీడ్ వివాదం: బొగ్గు వ్యాగన్ ఆకారంపై పేటెంటు దావా

వైనన్స్ – డెన్‌మీడ్ వివాదం బొగ్గు వ్యాగన్ తొట్టె ఆకారం మీద నడిచిన పేటెంటు ఉల్లంఘన దావా. అమెరికా సుప్రీంకోర్టు దీన్ని 5–4 తేడాతో తేల్చింది. పేటెంటులో రాసిన రూపాన్ని అచ్చంగా దించకుండా కాస్త మార్చినా, అదే పద్ధతిలో అదే రకం ఫలితం రాబడితే ఉల్లంఘన కావచ్చునన్న తుల్యతా సూత్రానికి ఈ తీర్పునే మూలంగా చూపుతారు. తీర్పు సంవత్సరం విషయంలో గ్రంథాలు ఏకీభవించవు. కోర్టు నివేదికల సంపుటంలో ఇది 1853 డిసెంబరు విడత కింద ఉంది కాబట్టి చాలామంది 1853 అనే రాశారు. ఆ విడత మరుసటి ఏడాదిలోకి సాగింది. ఇటీవలి ఉల్లేఖనల్లో కనిపించే 1854 ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది.

వాది రాస్ వైనన్స్ (1796–1877) న్యూజెర్సీలో పుట్టి బాల్టిమోర్‌లో స్థిరపడిన ఇంజన్ల తయారీదారు. బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వేతో ఆయన వృత్తి ముడిపడి ఉంది. బరువైన సరుకు లాగడానికి ఆయన కట్టిన 'క్యామెల్' ఇంజన్లు పేరుపొందాయి. ఆ రైలు మార్గం 1842లో కంబర్‌లాండ్ చేరడంతో అక్కడి గనుల బొగ్గు బాల్టిమోర్ రేవుకు రావడానికి దారి తెరుచుకుంది. వ్యాగన్ తన సొంత బరువు తగ్గించుకొని సరుకు ఎంత ఎక్కువ మోయగలదన్నది ఇలాంటి రవాణాలో లాభనష్టాలను తేల్చే లెక్క. వైనన్స్ 1847 జూన్ 26న పొందిన 5,175వ నంబరు పేటెంటు ఈ లెక్కకు సంబంధించినదే.

అప్పటి సాధారణ వ్యాగన్ తొట్టె దీర్ఘచతురస్రాకారంలో ఉండేది. అందులో పోసిన బొగ్గు కిందికే కాక పక్కలకూ తోస్తుంది. చదును గోడ ఆ తోపుడుకు నడిమిన ఉబ్బుతుంది, మూలల్లో అతుకులు విడుతాయి. దాన్ని ఆపాలంటే మందమైన చెక్కలు, ఇనుప బద్దెలు, అడ్డ కడ్డీలు కావాలి. బలం కోసం చేర్చిన ప్రతిదీ బరువే. వైనన్స్ తొట్టెను కొన తెగ్గోసిన శంకువులా చేశాడు: పైన వెడల్పు, కింద ఇరుకు, అడ్డంగా కోస్తే గుండ్రన. గుండ్రటి గోడ మీద బొగ్గు తోపుడు చుట్టూ సమానంగా పడుతుంది. గోడను వంచే బదులు చుట్టుకొలత వెంబడి లాగుతుంది. పల్చటి ఇనుప రేకు సైతం ఆ లాగుడును తట్టుకుంటుంది. పల్లెల్లో ధాన్యం పోసే గుమ్మిని గుండ్రంగా అల్లడంలోనూ ఇదే సౌలభ్యం ఉంది.

రెండో ప్రయోజనం ఇరుకైన అడుగుది. అది చక్రాల చట్రంలోకి, ఇరుసుల మధ్యకు దిగుతుంది. తొట్టెలో పట్టే సరుకు తగ్గకుండానే బరువు నేలకు దగ్గరవుతుంది, వ్యాగన్ ఊగడం తగ్గుతుంది. అడుగున తలుపు తెరిస్తే బొగ్గు దానంతటదే జారుతుంది. అడుగున తెరుచుకోవడం మటుకు వైనన్స్ సొంతమని చెప్పడానికి లేదు. పేటెంటులో తన హక్కు దేనిమీదో చెప్పుకునే భాగమైన క్లెయిమ్‌లో ఆయన పట్టుబట్టింది శంకువు ఆకారాన్ని, దానివల్ల వచ్చే ఫలితాలను.

ప్రతివాదులు ఆడమ్, ఎడ్వర్డ్, టాల్బట్ డెన్‌మీడ్‌లు. వాళ్ల వ్యాగన్ తొట్టె గుండ్రం కాదు, ఎనిమిది పలకలది. కిందికి పోనుపోను పిరమిడ్‌ను తలకిందులు చేసినట్టు సన్నబడుతుంది. మేరీలాండ్ జిల్లా సర్క్యూట్ కోర్టులో విచారణ జరిగినప్పుడు, పేటెంటు శంకువుకే పరిమితమనీ, చదును పలకలతో కట్టిన తొట్టె దాని కిందికి రాదనీ న్యాయమూర్తి జ్యూరీకి నిర్దేశించాడు. జ్యూరీ ప్రతివాదుల పక్షాన తీర్పు ఇచ్చింది. వైనన్స్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు.

మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ బెంజమిన్ కర్టిస్ వాదన సూటిగా సాగుతుంది. వైనన్స్ కనిపెట్టింది శంకువును కాదు, బొగ్గు బరువును కొత్త తీరులో మోసే విధానాన్ని. రూపమూ సారమూ విడదీయరానివైతే రూపం చూస్తే చాలు. విడదీయగలిగినవైతే రూపాన్ని దాటి సారాన్ని చూడాలి. పైగా కమ్మరి కొట్టిన ఏ తొట్టే గణితశాస్త్రం చెప్పే నిఖార్సైన వృత్తం కాదు. అలాంటప్పుడు అష్టభుజి వృత్తానికి ఎంత దగ్గరగా వచ్చి పేటెంటుదారుడి పద్ధతినీ, అదే రకం ఫలితాన్నీ సాధించిందో తేల్చాలి. పేటెంటు అర్థం చెప్పడం కోర్టు పని, ఈ దగ్గరితనాన్ని తేల్చడం వాస్తవ ప్రశ్న గనుక జ్యూరీ పని. కింది కోర్టు తీర్పును రద్దు చేసి కొత్త విచారణకు ఆదేశించారు.

భిన్నాభిప్రాయం రాసినవాడు జస్టిస్ జాన్ కాంప్‌బెల్. ప్రధాన న్యాయమూర్తి టానీ, కాట్రన్, డేనియల్ ఆయనతో కలిశారు. తన ఆవిష్కరణను నిర్దిష్టంగా, స్పష్టంగా చెప్పమని 1836 పేటెంటు చట్టం ఆవిష్కర్తను అడుగుతుంది. వైనన్స్ శంకువు అని రాసుకున్నాడు, బహుభుజుల ఊసెత్తలేదు. రాయనిదాన్ని కోర్టు అతనికి కట్టబెడితే, ఏది తయారు చేయవచ్చో ఏది కూడదో తోటి పనివాడికి తెలిసేదెట్లా? ఓడిన పక్షమే అయినా, తర్వాతి నూట డెబ్బై ఏళ్లలో తుల్యతా సూత్రం మీద వచ్చిన ఆక్షేపణల్లో చాలా భాగం ఇందులోనే ఉన్నాయి.

తీర్పును ఎలా చదవాలన్నదానిపై రెండు మతాలున్నాయి. క్లెయిమ్ మాటలను దాటి రక్షణ ఇచ్చిన తొలి మెట్టు ఇదని ఒకటి. ఆ కాలంలో క్లెయిమ్ ఆవిష్కరణ నడిబొడ్డును చూపేదే తప్ప చుట్టూ హద్దురాళ్లు పాతేది కాదనీ, కాబట్టి కర్టిస్ చేసింది మామూలు అర్థవివరణేననీ రెండోది. క్లెయిమ్‌కు హద్దుల స్వభావం గట్టిపడింది 1870 చట్టం తర్వాతే కనుక రెండోది చరిత్రకు దగ్గరగా ఉంది. అయినా కోర్టులు మొదటిదాన్నే తలకెత్తుకున్నాయి. 1950లో గ్రేవర్ ట్యాంక్ తీర్పు వైనన్స్‌ను మూలంగా చూపుతూ, పని, పద్ధతి, ఫలితం అనే మూడింటి పోలికను స్థిరపరిచింది. 1997లో వార్నర్–జెంకిన్సన్ తీర్పు ఆ పోలికను క్లెయిమ్‌లోని ఒక్కో అంశానికీ విడివిడిగా చూడాలని కట్టడి చేసింది. కాంప్‌బెల్ భయానికి ఆలస్యంగా దొరికిన సమాధానమిది.

వైనన్స్ అన్ని దావాలూ గెలవలేదు. ఎనిమిది చక్రాల రైలు పెట్టె మీద 1834లో పొందిన పేటెంటు ఆధారంగా ఆయన రైల్వే కంపెనీలతో ఏళ్ల తరబడి పోరాడాడు. న్యూయార్క్ అండ్ ఈరీ రైల్‌రోడ్‌పై వేసిన కేసులో సుప్రీంకోర్టు చివరకు ఆయనకు వ్యతిరేకంగా నిలిచింది.

భారతదేశంలో తుల్యతా సూత్రం చర్చకు వచ్చిన ఇటీవలి కేసుల్లో ఒకటి హైదరాబాదు కంపెనీ నాట్కో ఫార్మాది. వరిలో మొగి పురుగుకు వాడే క్లోరాంట్రానిలిప్రోల్ తయారీ విధానంపై ఎఫ్ఎంసీ సంస్థకు పేటెంటు ఉండేది. అందులో సల్ఫోనైల్ క్లోరైడ్ అని ఉంటే నాట్కో థయోనైల్ క్లోరైడ్ వాడింది. కీలకాంశమే మారిందంటూ ఢిల్లీ హైకోర్టు 2022లో మధ్యంతర నిషేధానికి ఒప్పుకోలేదు.

గూడ్సు వ్యాగన్ల విషయంలో భారతీయ వివాదంగా చెప్పదగినది కెమ్‌ట్యూరా కేసు. వ్యాగన్ తొట్టెకూ కింది చక్రాల చట్రానికీ మధ్య ఉండి ఊగిసలాటను అణచే సైడ్ బేరింగ్ దిండు మీద కెమ్‌ట్యూరా సంస్థకు పేటెంటు ఉండేది. రైల్వేకు అలాంటి దిండ్లు సరఫరా చేసేవారితో పాటు కేంద్ర ప్రభుత్వాన్నీ ప్రతివాదిగా చేర్చింది. రూపం, సారం అన్న చర్చ నిర్ణాయకం కాలేదు. విదేశాల్లో వేసిన దరఖాస్తుల స్థితిగతులను భారత పేటెంట్ల చట్టం 8వ సెక్షన్ ప్రకారం పేటెంటు కార్యాలయానికి తెలపలేదన్న కారణంతో 2009 ఆగస్టు 28న ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ ఎస్. మురళీధర్ మధ్యంతర నిషేధాన్ని ఎత్తివేశారు. ఆ సెక్షన్‌ను పాటించకపోవడం దానంతటదే పేటెంటు రద్దుకు దారితీయదని అదే హైకోర్టు ధర్మాసనం 2014లో ఫిలిప్స్ కేసులో చెప్పింది.