రాతలో లేని నియమం: భారత తొలి రాష్ట్రపతి పదవీకాలం ఎదుర్కొన్న సమస్యలు (1950–1962)

ఉపోద్ఘాతం

1950 జనవరి 26న బాబూ రాజేంద్రప్రసాద్ రాష్ట్రపతిగా ప్రమాణం చేసేనాటికి ఆ పదవిని నిర్వచించే అధికరణాలు ఉన్నాయి గాని, అనుసరించదగిన పూర్వాచారం ఒక్కటీ లేదు. 53వ అధికరణం కేంద్ర కార్యనిర్వాహక అధికారాన్ని రాష్ట్రపతికి అప్పగించింది. 74వ అధికరణం ఆయనకు సహాయ సలహాలు అందించడానికి ప్రధానమంత్రి నాయకత్వాన మంత్రిమండలి ఉండాలన్నది. ఆ సలహాను రాష్ట్రపతి పాటించి తీరాలా అన్న ప్రశ్నకు నాటి పాఠంలో సూటి సమాధానం లేదు. తొలి రాష్ట్రపతి పదవీకాలంలో తలెత్తిన ముఖ్య వివాదాలకు మూలం ఈ ఖాళీయే. రాజేంద్రప్రసాద్ ఈ ప్రశ్నను పదేపదే లేవనెత్తారు. అయితే తన అభిప్రాయాన్ని మంత్రిమండలికి వ్యతిరేకంగా అధికారంగా ప్రయోగించలేదు. పార్లమెంటరీ విధానం దేశంలో వేళ్ళూనుకున్న తీరును అర్థం చేసుకోవడానికి ఈ రెండు అంశాలనూ కలిపి చూడవలసి ఉంటుంది.

రాజ్యాంగ సభలో మిగిలిన ప్రశ్న

ముసాయిదా రాజ్యాంగాన్ని ప్రవేశపెడుతూ 1948 నవంబరు 4న డా. బి.ఆర్. అంబేద్కర్, భారత రాష్ట్రపతి స్థానం అమెరికా అధ్యక్షుడి స్థానం వంటిది కాదనీ, ఇంగ్లండు రాజు స్థానానికి సమానమనీ వివరించారు. సభ్యులలో అత్యధికుల అవగాహన కూడా అదే. సభాధ్యక్షుడిగా ఉన్న రాజేంద్రప్రసాద్ మాత్రం, మంత్రుల సలహాకు రాష్ట్రపతి బద్ధుడని ముసాయిదాలో ఎక్కడ ఉందని చర్చల సందర్భంలోనే ప్రశ్నించారు. రాష్ట్రపతికి మార్గదర్శకంగా ఒక ఆదేశపత్రాన్ని రాజ్యాంగానికి జోడించాలన్న ఆలోచన సాగినా, 1949 అక్టోబరులో దానిని విరమించుకున్నారు. సంప్రదాయమే ఆ పని చేస్తుందని భావించారు.

1949 నవంబరు 26న చేసిన ముగింపు ప్రసంగంలో రాజేంద్రప్రసాద్ ఈ విషయాన్ని మళ్ళీ ప్రస్తావించారు. సలహాను విధిగా పాటించాలనే నిబంధన స్పష్టంగా లేకపోయినా, ఇంగ్లండులోని సంప్రదాయం ఇక్కడా నెలకొంటుందని ఆశాభావం వ్యక్తం చేశారు. సభాధ్యక్షుడిగా తాను ఆశించిన ఆ సంప్రదాయాన్ని రెండు నెలల తరువాత రాష్ట్రపతిగా తానే నెలకొల్పవలసి వచ్చింది.

భూసంస్కరణలు, తొలి సవరణ

మొదటి పరీక్ష ఆయన సొంత రాష్ట్రమైన బీహారు నుంచే వచ్చింది. జమీందారీ రద్దుకు ఉద్దేశించిన బీహార్ భూసంస్కరణల బిల్లు 1950లో ఆమోదానికి వచ్చినప్పుడు, నష్టపరిహారం విషయంలో ఆయన తన అభ్యంతరాలను ప్రభుత్వానికి తెలియజేశారు. మంత్రివర్గం తన సలహాకు కట్టుబడి ఉండడంతో సంతకం చేశారు. 1951 మార్చిలో పాట్నా హైకోర్టు ఆ చట్టాన్ని, సమానత్వ హక్కుకు విరుద్ధమని కొట్టివేసింది. ఇటువంటి తీర్పుల నుంచి భూసంస్కరణ చట్టాలను కాపాడడానికి అదే సంవత్సరం జూన్‌లో తొలి రాజ్యాంగ సవరణ వచ్చింది. 31ఎ, 31బి అధికరణాలూ తొమ్మిదవ షెడ్యూలూ చేరాయి. ఆ సవరణ విషయంలోనూ ఆయనకు సందేహాలుండేవి. వాటిని తెలిపి, ఆ తరువాత ఆమోదముద్ర వేశారు.

హిందూ స్మృతి బిల్లు

అసలైన ఘర్షణ 1951 సెప్టెంబరులో తలెత్తింది. హిందూ స్మృతి బిల్లుపై చర్చ సాగుతుండగా, ఆ నెల 18న రాజేంద్రప్రసాద్ ప్రధాని నెహ్రూకు లేఖ రాశారు. బిల్లు తన వద్దకు వచ్చినప్పుడు దాని మంచిచెడులను స్వతంత్రంగా పరిశీలించే హక్కు తనకుందని అందులో పేర్కొన్నారు. నాటి తాత్కాలిక పార్లమెంటు వయోజన ఓటుహక్కుతో ఎన్నికైనది కాదు. ఇంత మౌలికమైన సామాజిక మార్పును అటువంటి సభ తలపెట్టకూడదన్నది ఆయన వాదం. ఈ వాదంలో సంప్రదాయాభిమానంతో పాటు ప్రాతినిధ్యానికి సంబంధించిన వాస్తవమైన ప్రశ్న కూడా ఉంది. అయితే దానికి తీర్పు చెప్పే అధికారం రాష్ట్రపతిదా, పార్లమెంటుదా అన్నది వేరే విషయం. హిందూ స్త్రీలకు ఆస్తిహక్కు, విడాకుల హక్కు కల్పించే శాసనం ఒక్క వ్యక్తి అంతరాత్మపై ఆధారపడే ప్రమాదం ఇక్కడ పొంచి ఉంది.

నెహ్రూ ఈ విషయాన్ని అటార్నీ జనరల్ ఎం.సి. సెతల్వాడ్‌కు, ముసాయిదా సంఘంలో సభ్యుడైన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌కు నివేదించారు. నెల్లూరు జిల్లాలో జన్మించిన అల్లాడి మద్రాసులో న్యాయవాదిగా పేరుపొందినవారు. రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకే నడుచుకోవాలని ఇద్దరూ అభిప్రాయపడ్డారు. 74వ అధికరణం రాష్ట్రపతి విధులన్నిటికీ వర్తిస్తుందనీ, వాటిలో కొన్నిటిని వేరుచేసి స్వతంత్రాధికారం కల్పించడం బాధ్యతాయుత ప్రభుత్వ విధానానికే విరుద్ధమనీ అల్లాడి వాదన సారాంశం.

పార్లమెంటులోనూ కాంగ్రెసులోనూ ఎదురైన ప్రతిఘటన, సమీపిస్తున్న ఎన్నికలు కూడా తోడై బిల్లు అప్పటికి ఆగిపోయింది. అంబేద్కర్ అదే నెలలో మంత్రిపదవికి రాజీనామా చేశారు. సార్వత్రిక ఎన్నికల అనంతరం, 1955–56లో ఈ బిల్లులోని అంశాలు వివాహం, వారసత్వం, మైనారిటీ–సంరక్షకత్వం, దత్తత–మనోవర్తులపై నాలుగు చట్టాలుగా వచ్చాయి. అప్పటికి ప్రాతినిధ్యం గురించిన అభ్యంతరానికి ఆధారం లేకుండా పోయింది. రాజేంద్రప్రసాద్ నాలుగింటికీ ఆమోదం తెలిపారు.

విభేదానికి ఉన్న హద్దు

ఆయన ప్రతి విషయంలోనూ ప్రధాని మాటకు తలొగ్గారనడం సరికాదు. 1951 మే 11న సోమనాథ ఆలయ ప్రతిష్ఠోత్సవానికి నెహ్రూ అభ్యంతరాన్ని కాదని హాజరయ్యారు. 1960 నవంబరు 28న ఢిల్లీలో ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ భవనానికి శంకుస్థాపన చేస్తూ, ఎన్నికైన రాష్ట్రపతికీ వంశపారంపర్య రాజుకూ మధ్య ఉన్న భేదాలను న్యాయ పండితులు అధ్యయనం చేయాలని కోరారు. అంటే పదేళ్ళ పదవీ అనుభవం తరువాత కూడా ఆయన సందేహం తీరలేదు. కానీ దానిని వెలిబుచ్చినది విద్వత్సభలో. తిరస్కరించిన బిల్లుపై కాదు.

ముగింపు

సుప్రీంకోర్టు రామ్ జవాయా కపూర్ కేసులో (1955) రాష్ట్రపతిని రాజ్యాంగబద్ధ అధినేతగా గుర్తించింది. షంషేర్ సింగ్ కేసులో (1974) ఆ సూత్రాన్ని మరింత స్థిరపరచింది. 42వ సవరణ (1976) మంత్రిమండలి సలహా ప్రకారమే రాష్ట్రపతి వ్యవహరించాలని 74వ అధికరణంలో చేర్చింది. 44వ సవరణ (1978) ఆ సలహాను ఒకసారి పునఃపరిశీలనకు పంపే వీలు కల్పించింది. లిఖిత నియమం వచ్చేనాటికి ఆచరణకు పాతికేళ్ళు నిండాయి. రాజేంద్రప్రసాద్‌ను కేవలం సంస్కరణ విరోధిగా చూస్తే ఆయన చేసిన సంతకాలకు వివరణ దొరకదు. అలంకారప్రాయుడిగా చూస్తే ఆయన లేఖలకు అర్థం ఉండదు. అభ్యంతరం చెప్పే హక్కును వదులుకోకుండానే తుది నిర్ణయాన్ని ఎన్నికైన ప్రభుత్వానికి విడిచిపెట్టడం ఆయన నెలకొల్పిన ఆచారం. 44వ సవరణలో పునఃపరిశీలనకు లభించిన స్థానం ఆ ఆచారానికి దగ్గరగా ఉంది.