నాజర్ బుర్రకథ, చినమౌలానా నాదస్వరం: మన పిల్లలకు తెలియాల్సిన రెండు పుట్టినరోజులు

ఫిబ్రవరి 5, మే 12. మొదటిది బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ పుట్టిన రోజు, రెండోది నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా పుట్టిన రోజు. ఇద్దరూ తెలుగు ముస్లింలే, ఇద్దరూ కోస్తా పల్లెల్లో పుట్టినవాళ్లే, ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. అయినా ఎ.కొండూరులో గానీ తిరువూరులో గానీ బడికి వెళ్లే మన పిల్లల్ని అడిగితే బిస్మిల్లా ఖాన్ పేరు చెప్తారేమో గానీ ఈ రెండు పేర్లు చెప్పడం కష్టమే. బిస్మిల్లా ఖాన్ గొప్పవారే (1916 మార్చి 21న పుట్టారు, 2001లో భారతరత్న అందుకున్నారు), అందులో మాట లేదు. కానీ బెనారస్ మనకు ఎంత దూరమో, గుంటూరు ఎంత దగ్గరో చూసుకోవాలి కదా.

నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. దూదేకుల కుటుంబం, పేదరికం. చిన్నప్పుడే హార్మోనియం, నాటకాలు పట్టుకున్నారు. 1943లో ప్రజానాట్యమండలి మొదలైంది. బెంగాల్ కరువులో జనం ఆకలితో చచ్చిపోతున్న కాలం అది. ఆ కబురు అక్షరం రాని పల్లె జనానికి చేర్చాలంటే పేపరు చాలదు. అప్పటిదాకా జంగం కథ, శారద కథ అని పిలిచే పాత కళను తీసుకుని, దాన్ని ఆనాటి సంగతులు చెప్పే సాధనంగా మార్చినవాళ్లలో నాజర్ ముందు నిలబడ్డారు. బెంగాల్ కరువు, అల్లూరి సీతారామరాజు, పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, ఇవన్నీ ఆయన చెప్పిన కథలు.

బుర్రకథ ఎలా నడుస్తుందో ఇప్పటి పిల్లలకు కాస్త చెప్పాలి. మొత్తం ముగ్గురు. మధ్యలో కథకుడు, భుజాన తంబుర, చేతి వేళ్లకు అందెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, వాళ్ల దగ్గర గుమ్మెటలు. కథకుడు పాడుతూ, అడుగులేస్తూ, వచనం చెబుతూ కథ నడుపుతాడు. వంతల్లో ఒకరు హాస్యం చెప్తారు, ఇంకొకరు రాజకీయం. బొబ్బిలి కోట ముట్టడి జరుగుతుండగా మధ్యలో ఆపి, ఊళ్లో రేషన్ సంగతి మాట్లాడొచ్చు. అదే దాని బలం. ప్రభుత్వాలు దీన్ని చూసి భయపడ్డాయంటే కారణం కూడా అదే. ప్రజానాట్యమండలి మీద నిర్బంధం వచ్చిన రోజుల్లో కళాకారులు చాలా కష్టాలు పడ్డారు.

1986లో నాజర్‌కు పద్మశ్రీ వచ్చింది. 1997 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆయన జీవితకథ పుస్తకం పేరు ‘పింజారి’. అంగడాల వెంకటరమణమూర్తి దాన్ని గ్రంథస్థం చేశారు. ఆ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. పింజారి అంటే దూది ఏకేవాడు. అది ఒక పని పేరు. దాన్ని తెలుగులో తిట్టుగా వాడేస్తారు, ఇప్పటికీ సినిమాల్లో వినిపిస్తుంది. ఆ తిట్టునే అట్ట మీద పెట్టుకుని బయటికొచ్చింది ఆ పుస్తకం. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల పిల్లలు బడిలో తమ ఇంటిపేరు చెప్పడానికి జంకే చోట, ఈ ఒక్క సంగతి చెప్పినా చాలు.

చినమౌలానా దారి వేరు. 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. ఇంట్లో తరతరాలుగా నాదస్వరమే. మొదట తండ్రి కాసిం సాహెబ్ దగ్గర, తర్వాత చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో గుడి ఉత్సవాలకు, పెళ్లిళ్లకు మేళం అంటే సాయిబుల మేళమే అనే రోజులుండేవి. నమాజు తప్పని ఇంటి నుంచే దేవుడి ఊరేగింపుకు సన్నాయి వెళ్లేది. దాని గురించి ఊళ్లో ఎవరూ పెద్దగా చర్చించుకున్నది లేదు. అది వాళ్ల వృత్తి, వాళ్ల విద్య.

చినమౌలానాకు అంతటితో తృప్తి కలగలేదు. తంజావూరు బాణీ మీద మనసుపడి, నాచియార్‌కోయిల్‌లోని రాజం, దురైకన్ను సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడిగా కూర్చున్నారు. అప్పటికే పేరున్న విద్వాంసుడు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడం చిన్న సంగతి కాదు. తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. నాదస్వరం తమిళుల సొత్తు అనుకునే గడ్డ మీద తెలుగు ముస్లిం అగ్రవిద్వాంసుడిగా నిలిచారు. అక్కడే శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి ఎందరికో నేర్పారు. 1977లో పద్మశ్రీ, 1998కి మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. ఆ మరుసటేడు ఏప్రిల్‌లో ఆయన పోయారు. మనవళ్లు కాసిం, బాబు ఆయన బాణీని కొనసాగించారు. ఆయన దగ్గరే నేర్చుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. గట్టి ఊపిరి కావాలి, ఇది మగవాళ్ల వాద్యం అనే మాటకు కాలీషాబీ తన వాద్యంతోనే జవాబు చెప్పారు.

బొమ్మల వైపు చూస్తే ఎం.ఎఫ్.హుస్సేన్ (1915 సెప్టెంబరు 17) తెలుగువాడు కాకపోయినా హైదరాబాద్‌తో గట్టి బంధం ఉన్నవారు. రామాయణం మీద ఆయన వేసిన బొమ్మల వరస హైదరాబాద్‌లో, బద్రీ విశాల్ పిత్తీ అండతో సాగింది. వేయమని చెప్పింది రామ్ మనోహర్ లోహియా. తర్వాత బంజారాహిల్స్‌లో ‘సినిమా ఘర్’ కట్టించారు. చివరి ఏళ్లు దేశం బయట గడిచాయి. 2011లో లండన్‌లో చనిపోయారు.

ఇక పుట్టినరోజు సంగతి. మన ఇళ్లలో దీని మీద రెండు మాటలున్నాయి. కేకు కోయడం, ఫొటోకు దండ వేయడం మన పద్ధతి కాదనే పెద్దలున్నారు. సంగీతం మీదే అభ్యంతరం ఉన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లతో వాదన పెట్టుకోకుండానే చేయగలిగినవి చాలా ఉన్నాయి. ఫిబ్రవరి 5న బడిలో పిల్లాడితో నాజర్ మీద అయిదు నిమిషాలు మాట్లాడించవచ్చు. ‘పింజారి’ ఒక కాపీ ఊరి లైబ్రరీకి తెప్పించవచ్చు. మే 12 ఎండాకాలం సెలవుల్లో వస్తుంది. చినమౌలానా కచేరీల రికార్డింగులు యూట్యూబ్‌లో ఉన్నాయి, సెల్‌ఫోన్ ఎలాగూ పిల్లల చేతిలోనే ఉంటుంది. ఇంట్లో నానాకో దాదీకో పాత బుర్రకథల రాత్రులు గుర్తుంటే వాళ్ల మాటలు అదే ఫోన్‌లో రికార్డు చేయడం ఇంకా మంచిది. ఆ తరం మనతో ఎక్కువ రోజులు ఉండదు.

సెలవుల్లో నూజివీడు వైపు వెళ్లే కుటుంబాలు ఇంకో పని కూడా చేయవచ్చు. పనస కర్రతో వీణలు చేసే పనికి ఆ ఊరు పేరుపడింది. అక్కడ ఆ పనిని నిలబెట్టినవాళ్లలో ముస్లిం కుటుంబం కూడా ఉంది. దుంగ వీణ కావడం పిల్లలు దగ్గరుండి చూడవచ్చు.