గోదావరి గట్టు వెంబడి మా పేట

రాజమహేంద్రవరమును గూర్చి వ్రాయబూనినవారెల్లరును రాజరాజనరేంద్రునితోడను నన్నయభట్టారకునితోడను ఉపక్రమించుట పరిపాటి. ఆ ప్రాచీనతయందు నాకును గౌరవము మెండు. కాని నేను నివసించుచున్న ఇన్నీసుపేటయు, కోటగుమ్మము దెస సాగిన వీధులును, వానికి పడమటి హద్దయిన గోదావరి గట్టును నేటి జీవితమునకు అనువుగా అమరినది గడచిన నూటయేబది సంవత్సరములలోనే యగుటచేత, ఆ చేరువ కాలపు చరిత్రమునే ఇచ్చట చెప్పదలచితిని. బడి, గ్రంథాలయము, చిత్రశాల, రైలుస్టేషను, స్నానఘట్టము ఇవన్నియు కాలినడకకు అందుబాటులో నుండుట ఏ అధికారియో గీచిన పటమువలన సంభవించినది కాదు. నడచిపోగలిగిన దూరములోనే తమకు కావలసినవానిని తామే కల్పించుకొనిన పూర్వపు పౌరుల పూనికవలన సంభవించినది.

ఆ పూనికకు ఆద్యులు కందుకూరి వీరేశలింగం పంతులుగారు. 1874లో వివేకవర్ధని పత్రికను వెలువరించి, 1881 డిసెంబరు 11వ తేదీన ఈ పట్టణముననే మొదటి వితంతు వివాహమును జరిపించి, నలుగురు కూడి మాటలాడుకొనుటకు ఒక చోటుండవలెనని 1890లో పురమందిరమును కట్టించి, తుదకు 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దానికి ధారవోసిన ఆ మహనీయుడు, సంస్కర్తగా దేశమంతటికిని పరిచితుడేకాని, మావంటి పేటవాసులకు అంతకంటె సన్నిహితుడు: ఆయన నెలకొల్పిన సంస్థలు ఇప్పటికిని మా నిత్యపు దారులలోనే యున్నవి.

గ్రంథాలయము కథ నాకు మరింత ప్రియమైనది. 1898లో, ఇంకను ఇరువది యేండ్లు నిండని నాళం కృష్ణారావు అను యువకుడు పుస్తకములు కూడబెట్టి వసురాయ గ్రంథాలయమును స్థాపించెను. తరువాత అదియు, రత్నకవి గ్రంథాలయమును ఏకమై గౌతమీ గ్రంథాలయమయ్యెను. ధనవంతుడైన ఒక్క దాత కట్టించి యిచ్చిన భవనము కాదది. చందాలు వసూలుచేసి, ఇంటింటికిని తిరిగి పుస్తకములర్థించి తెచ్చినవారి శ్రమఫలము. అచ్చటి తాళపత్ర ప్రతులను, ఇతరత్ర దొరకని పాత పత్రికల సంపుటములను వెదకికొనుచు పరిశోధకులు దూరదేశములనుండి వచ్చుచుందురు. కాని నేను ముఖ్యముగా చెప్పదలచినది వారిని గూర్చి కాదు. ఉదయముననే కండువా సవరించుకొనుచు వచ్చి దినపత్రికను మొదటి పుటనుండి కడపటి పుటవరకు ఓపికగా చదువు విశ్రాంతోద్యోగులును, ఉద్యోగపరీక్షలకై నోటుపుస్తకములు ముందిడుకొని తలయెత్తక కూర్చుండు యువతీయువకులును ఒకే కప్పు క్రింద ప్రొద్దు పుచ్చుట చూచినప్పుడు, ఆ చిన్నవాని సంకల్పము ఎంత దూరము వచ్చినదో యని నా మనస్సు పులకించును.

గోదావరి స్టేషను చేరువనున్న చిత్రశాలయు అట్టిదే. దామెర్ల రామారావు 1897లో జన్మించి, ఇచ్చటి కళాశాలకు అధ్యక్షుడైన ఆస్వాల్డు కూల్డ్రే దొర ప్రోత్సాహమున బొంబాయిలో చిత్రకళ నభ్యసించి, 1925లో, ముప్పదియేండ్లయినను నిండకమునుపే మశూచికి బలియయ్యెను. ఆయన యాప్తులు కాపాడిన చిత్రములు ఊరు దాటిపోక ఊరివారికే దక్కినవి. ఒక్క వీధి నడచినంతమాత్రమున అట్టి వర్ణవైభవమును కన్నులార చూడగల భాగ్యము ఎన్ని పేటలకు గలదు? గట్టుమీదనే రాళ్ళబండి సుబ్బారావుగారి పేర పురావస్తు ప్రదర్శనశాలయు కలదు. 1922లో ఇచ్చట వెలసిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలికి ఆయన ఎనలేని సేవచేసిరి.

ఇక దైనందిన జీవనము. తెల్లవారుజామున గట్టుపైకి ఎక్కినచో 1900లో తెరవబడి ఇంచుమించు నూరేండ్లు రైళ్ళను మోసి 1997లో విశ్రమించిన హేవలాకు వంతెన, తన 56 ఖానాలతో, కొవ్వూరు దిక్కునకు చాచుకొని కనబడును. కార్తికమాసమున పుష్కరఘట్టము చీకటియుండగనే స్నానార్థులతో నిండిపోవును. వేసవిలో ముంజెలును, వరదనీరు దిగువేళ పులసయు, ఏడాది పొడుగునను కడియపు పూలును వీధిలోనికే వచ్చును. సాయంకాలము కోటగుమ్మము దాక పోయి ఒక గ్లాసు రోజ్‌మిల్కు త్రాగి మరలుట మా పిల్లలకు గొప్ప ఉత్సవము, నాకును అంతే. 1907లో బిపినచంద్రపాలుడు స్వదేశోద్యమమును ఉపన్యసించిన తావును జనులు నేటికిని పాల్‌చౌకు అనుచున్నారు; ఆనాడు ఆయన వెంటనుండి ఆ ప్రసంగములను తెలిగించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు.

ఇంత సుఖమునకు నేడు చేటు మూడుచున్నదని చెప్పక తప్పదు. అరుగులున్న పెంకుటిండ్లు పడిపోయి అంతస్తుల భవనములు లేచుచున్నవి. అరుగు పోయినచోట దారిపోవు వృద్ధునకు కూర్చుండ తావు పోయినది. కాలిబాటలను దుకాణపు సామానులును ద్విచక్రవాహనములును ఆక్రమించుటచేత పసిబిడ్డ చేయిపట్టుకొని నడచు తల్లి రోడ్డు నడుమకు రావలసి వచ్చుచున్నది. 2027లో గోదావరీ పుష్కరములు రానున్నవి. లక్షలాది యాత్రికులకై రోడ్లు వెడల్పు చేయుట అవసరమే, కాని ఆ పండ్రెండు దినములు గడచిన పిదప పండ్రెండేండ్లు ఇచ్చటనే నడవవలసినవారము మేము. కావున అధికారులు వంతెనలకును ఘట్టములకును పెట్టు శ్రద్ధలో కొంత కాలిబాటలకును పెట్టవలెనని వేడుకొనుచున్నాను. ఊరివారికిని నాదొక మనవి: ఈ వారములో ఒకనాడు వాహనమును ఇంటనుంచి గ్రంథాలయమునకు నడచి పొండు, మీ యటుకలమీద నున్న పాతపుస్తకములను, పత్రికల సంపుటములను చెదలపాలు కానీయక అచ్చటికి చేర్చుడు.